నేలే ధనం

బ్లఫ్‌లో గాలి తలుపు తట్టదు, తోసుకొస్తుంది.
ఆ మంగళవారం గాలి వెనకాలే వచ్చింది
మోరాగ్ టిపెట్ గారి మోరిస్ మైనర్.
యాభై నాలుగు నాటిది. మీగడ రంగు.
ఒక తలుపుది మాత్రం వేరే మీగడ.

"చెల్లెలికి మోకాలి ఆపరేషన్, ఇన్వర్‌కార్గిల్ ఆస్పత్రిలో.
నేను చేరేసరికి ఫోను చచ్చి ఊరుకుంటోంది.
దారిలో దీనికి మేత పెట్టే ఏర్పాటు చెయ్యండి" అంటూ
బల్ల మీద పెట్టింది ఒక చార్జరు,
పెట్రోలు బంకులో కొన్నది,
బొటనవేలంత, నీలం దీపంతో.

షెడ్డులో చేరి నాకప్పటికి తొమ్మిది వారాలు.
తెలుసు నాకు. చదివాను.
ఇప్పటి బళ్ళలో ఇనుమంతా ఋణం.
చాసిస్, బోల్టు, తలుపు కీలు,
అన్నీ అప్పులోనే పుట్టి అప్పులోనే తుప్పుపడతాయి.
ధనం మాత్రం ఎర్రతీగలో
ప్లాస్టిక్ తొడుక్కుని ఒద్దికగా నడుస్తుంది.

ఈ ముసలిదానిలో లెక్క తిరగబడింది.
నేలే ధనం.
చెయ్యి ఆనించిన చోటల్లా ధనం.
నూలు అల్లిన ఆ గోధుమరంగు తీగల్లో
పరిగెత్తేదంతా అప్పు.

అందుకే తెలివిగా తీగలు మార్చాను.
సాకెట్టు నడిమి బొడిపెకి నేల,
చుట్టూ ఉన్న గొట్టానికి గోధుమతీగ.
తర్వాత ఆ గొట్టాన్నే
డాష్‌బోర్డు ఇనుపరేకుకి బెజ్జం చేసి బిగించాను,
ఇంకో అరచుట్టు,
ఇంకో పావుచుట్టు,
గట్టిగా.

మధ్యవర్తి లేకుండా అప్పూ ఆస్తీ ఎదురుపడితే
ఏమవుతుందో ముక్కుకి ముందు తెలిసింది.
డెబ్బై ఏళ్ళ నూలు కాలిన కంపు,
ఇస్త్రీపెట్టె కింద మరిచిపోయిన చొక్కా కంపు.
క్లెమ్ హాగర్ట్ టీ కప్పుతో సహా పరిగెత్తాడు,
బ్యాటరీ కొస పీకేశాడు. టీ ఒలకలేదు.
తిట్టలేదు కూడా. అదే కష్టం.
"సగం తెలిసినవాడివి నువ్వు" అన్నాడు.
"ఏమీ తెలియనివాడైతే
చార్జరొక్కటే పోయేది."

"మొత్తం తిప్పేస్తానండీ,
ఇప్పటి బళ్ళలా చేసేస్తాను, ఒక పూట పని" అన్నాను.
ఆవిడ మా స్టూలు మీదే కూర్చుని
అంతా చూసింది, పొగతో సహా.
"తొమ్మిది డాలర్ల వస్తువు కోసం
దీన్ని తలకిందులు చేస్తావా?
వద్దు నాయనా. నిన్న వచ్చింది సర్దుకోవాలి."

క్లెమ్ అరలోంచి ఒక పెట్టె తీశాడు,
రెండు అగ్గిపెట్టెలంత.
లోపల రెండు తీగచుట్టలు, ఒకదాన్నొకటి తాకవు.
ఇటు చుట్ట కదిలితే అటు చుట్ట కదులుతుంది.
గోడకిటు ఒకరు దగ్గితే
గోడకటు ఒకరు లేచి కూర్చున్నట్టు.
ఇటు ఏది నేలో అటు తెలియదు,
అటు ఏది నేలో ఇటు అడగదు.

చెక్క పలక మీద ఎక్కించాం. కింద రబ్బరు.
మరలు నైలానువి.
"ఫ్యూజు ఎక్కడ?" అన్నాడు.
నా వేలు అలవాటుగా ధనం వైపు పోయింది.
"నేలకి కాపలా ఎందుకురా?
పారేది అప్పు. కాపలా దానికే."

నాలుగింటికి వాన అందుకుంది.
నీలం దీపం వెలిగింది.
ఫోను మూడు శాతం నుంచి నాలుగయ్యేదాకా
ముగ్గురం వంగి చూశాం,
ఎసరు ఎప్పుడు కాగుతుందా అన్నట్టు.

కాలిన తీగ ఖరీదు నా జీతంలో రాశాడు క్లెమ్.
ఆవిడ సగం డబ్బు, ఒక డజను ఆయిస్టర్లు ఇచ్చి,
"మిగతాది శుక్రవారం" అంది.
"అప్పుగా రాసుకో. ఈ బండి అదే కదా తాగేది."

వెళ్తూ హారను కొట్టింది.
వైపర్లు ఎప్పట్లాగే
ఒకటి ముందు, ఒకటి వెనక.
శుక్రవారం రాలేదు.
శనివారం ఫోను చేసింది,
దారి మధ్యలోంచి,
ఊరికే, పనిచేస్తోందని చెప్పడానికి.